ఆవిరిగది వంతు

ఐలి చనిపోయే ముందటి శనివారం కూడా ఆవిరిగది పొయ్యి రాజేసి, తలుపు తట్టి, “లోపలికి రానా?” అని లోపలున్న చెల్లెలు మింట్టుని అడిగింది.

అలా అడగడం మింట్టుకు పన్నెండేళ్లప్పుడు మొదలైంది. ఒళ్లు ఎందుకు మారుతోందో, నెలసరి ఏమిటో అప్పటికి పదిహేడేళ్లున్న ఐలీయే విడమరిచి చెప్పింది. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం శనివారం ఇంటిల్లిపాదితో కలిసి ఒకే గదిలో ఆవిరిస్నానానికి వెళ్లడం మింట్టుకు ఇక ఇష్టం లేదు. చెబితే నాన్న చిన్నబుచ్చుకుంటాడని భయం.

“ఒళ్లు నీది. వద్దంటే వద్దంతే, కారణం చెప్పక్కర్లేదు,” అంది ఐలి.

“నువ్వే చెప్పవా అక్కా?”

“నీకు నోరు లేదా, మొద్దూ? నేను పక్కనే ఉంటాలే.”

మింట్టు చెప్పింది. నాన్న తలూపి, “అయితే ముందు మీ ఇద్దరి వంతు. వేడినీళ్లన్నీ అవగొట్టకండి,” అన్నాడు.

ఐలి అంత్యక్రియలయ్యాక కాఫీ తాగుతూ మేనత్త మింట్టుతో చెప్పింది: పదిహేడేళ్లొచ్చేదాకా ఐలి అందరితోనే వెళ్లేదట, వద్దనడానికి ధైర్యం చాలక.