మూఢానికి ముందు విప్పిన బోల్టు

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఏదీ ఉండేది కాదు. రాదన్న సంగతి తెలియాలన్నా కొంత అనుభవం కావాలి కదా, అదీ ఉండేది కాదు. మరీ ముత్తాతల కాలం ముచ్చటేం కాదిది. పామర్‌స్టన్ నార్త్‌లో చదువు ముగించుకుని, ఆక్లాండ్ వచ్చి, పాపటోయిటోయిలో ఓ ఫ్లాట్ అద్దెకు తీసుకుని, ఎయిర్‌పోర్ట్ పక్కన వేర్‌హౌస్‌లో పనిచేస్తున్న కాలం. కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడ గుంటూరులో వీసా కోసం ఎదురుచూస్తోంది. నేనిక్కడ ఆవిడ కోసం కారు తయారుచేయబోతున్నాను. (కొనబోవడం కాదు, తయారుచేయబోవడం. ఈ తేడా మా మామగారికి ఎంత చెప్పినా అంతుబట్టలేదు. "షోరూముల్లేవా అల్లుడూ ఆ దేశంలో?" అని జాలిగా అడిగేవారు.)

ఈ పిచ్చి నాకు చదువుకునే రోజుల్లోనే అంటుకుంది. పామర్‌స్టన్‌లో ఓ ఆదివారం సూపర్‌మార్కెట్ ముందు పొట్టి కారొకటి కనిపించింది. పైకప్పు లేదు, తలుపుల్లేవు, ఉన్నవి రెండే సీట్లు. నిక్కరు వేసుకున్న ఓ ముసలాయన అందులోంచి మంచం దిగినట్టు దిగి, ఇంటి వెనక షెడ్డులో తనే కట్టుకున్నానని చెప్పాడు. ఆ చెప్పడం కూడా, పెరట్లో బెండకాయలు కాశాయన్నంత మామూలుగా చెప్పాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని జేబుల్లో వెతుక్కుంటున్న మనిషే కట్టగలిగితే, ఇంజనీరింగ్ చదివిన నేను కట్టలేనా అనుకున్నాను. (నేను చదివింది కంప్యూటర్లు. కానీ పట్టా మీద ఇంజనీరింగ్ అనే ఉంది.) ఉద్యోగం రాగానే కిట్ ఆర్డర్ పెట్టేశాను. చట్రం, పైన తొడిగే డొల్ల, సీట్లు పెట్టెల్లో ఓడ మీద వస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు మనమే ఒక పాత కారులోంచి తీసి బిగించుకోవాలి. నేను నడుపుతున్న ముసలి కారు ఇంజను దానికి సరిగ్గా సరిపోతుంది. అయితే దాని జోలికి పోకుండా, అలాంటిదే ఇంకొకటి పాతసామాను యార్డులో వెతుకుదామనుకున్నాను. ఇంతవరకూ బుద్ధి సరిగానే పనిచేసింది.

కట్టకముందే మా ఆవిడకి ఫోన్లో చెప్పేశాను, నువ్వు విమానం దిగేసరికి నా చేతుల్తో చేసిన కార్లో ఇంటికి తీసుకెళ్తానని. ఆవిడ వాళ్ళ వీధంతా చెప్పింది. కజిన్లు అడుగుతున్నారు, పక్కింటి పిన్నిగారు అడుగుతున్నారు. "మా ఆయన సొంతంగా కారు చేస్తున్నారు" అని ఆ పిల్ల చెప్పుకుంటుంటే నాకు గుండె ఉప్పొంగేది, ఆ వెంటనే ఓడ ఎక్కడిదాకా వచ్చిందో ఆరా తీసేవాణ్ణి.

మా అమ్మకి తెలిసింది. "ఒరేయ్ నాన్నా, ఇనుముతో పని, వేళ చూసుకోకుండా మొదలెట్టకు. పంతులుగారిని అడిగాను. ఈ శుక్రవారం దివ్యంగా ఉందిట. అది దాటితే మూఢం. మళ్ళీ మంచిరోజులు ఎప్పటికో" అంది. ఓడేమో ఇంకా సముద్రంలోనే ఉంది. పెట్టెలు రాలేదమ్మా అంటే, "వస్తాయి లేరా, శాస్త్రానికి మొదలుపెట్టు" అంది. మనవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, శాస్త్రానికి ఏదైనా చేసేస్తాం.

కానీ దేన్ని మొదలుపెట్టాలి? గ్యారేజీలో కారు సామాను ఏదీ లేదు, నడుస్తున్న నా కారు తప్ప. అప్పుడు రంగంలోకి దిగాడు మా ఫ్లాట్‌మేట్, వరంగల్ మనిషి. బీటెక్ మెకానికల్ చదివి, నాతోపాటు వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతుండేవాడు. అందరం మెకానికల్ అన్న అనేవాళ్ళం. శుక్రవారం పని నుంచి రాగానే బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని చూశాడు. "తమ్మీ, రేపు కొత్త బండిల పడేది గిసొంటి ఇంజనే గదా. ఇదీ దాని చుట్టమే. శాస్త్రానికి ఒక్క బోల్టు ఇప్పి, మళ్ళ బిగిద్దాం. ఏం గాదు" అన్నాడు.

కొబ్బరికాయ కొట్టాం. ఇంజనుకి కుంకుమ బొట్టు పెట్టాం. ఏ బోల్టు అని అడిగితే, "చిన్నది ఇప్పితే పని గూడ చిన్నగనే అయితది" అని లోపలెక్కడో ఉన్న లావుపాటి బోల్టు ఎంచుకున్నాడు అన్న. పానా పట్టుకుని ఇద్దరం వేలాడితే కదిలింది. కదిలి, బయటికొచ్చి, నా నూనె చేతిలోంచి జారి, ఇంజను సందుల్లో ఎక్కడో టంగుమని మాయమైంది.

అది దొరకందే కారు స్టార్ట్ చేయడానికి భయం, ఏ బెల్టులో ఇరుక్కుందోనని. పైగా ముహూర్తం బోల్టు, పారేసుకుంటే ఏం అరిష్టమోనని ఇంకో భయం. వెతకడానికి అడ్డంగా ఉన్న గొట్టం తీశాం. గొట్టం తీయాలంటే రేడియేటర్ తీయాలన్నాడు అన్న. దానికి ఫ్యాను, దానికింకేదో. ఎందుకు తీస్తున్నామో మరిచిపోయి మరీ తీశాం. ఆ వారాంతం గడిచేసరికి అద్దెకు తెచ్చిన క్రేనుకి నా కారు ఇంజను వేలాడుతోంది. బోల్టేమో కారు కింద నేలమీద, కొబ్బరినీళ్ళ మడుగులో దొరికింది. అన్న దాన్ని చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టి, "దొరికింది గదా" అన్నాడు. అవును, దొరికింది. మిగతా బోల్టులన్నీ బకెట్లో ఉన్నాయి. ఏది దేనిదో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. సోమవారం నుంచి ఇద్దరం బస్సులో పనికెళ్ళాం.

ఇంట్లో కట్టిన కారు ఇక్కడ రోడ్డెక్కాలంటే ఓ సర్టిఫయర్ చూసి ఒప్పుకోవాలి. ఆ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. ఫోన్ చేస్తే, ఓపికగల పెద్దమనిషి ఎత్తాడు. "పని మొదలుపెట్టారా? మొదలుపెట్టకముందే నాతో మాట్లాడాలి" అన్నాడు. ముహూర్తం ప్రకారం మొదలైంది, కిట్ ప్రకారం మొదలవలేదు. "మొదలుపెట్టాను, కానీ వేరే కారు మీద" అన్నాను. "ఆ కారుకేమైంది?" అని ఆయన మెల్లగా అడిగాడు. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

పెట్టెలు వచ్చాయి, వాటి వెనకే వీసా కూడా వచ్చింది. చట్రం నవారు లేని ఇనప మంచంలా ఉంది. దాన్ని ఏ వైపు నుంచి చూడాలో అన్నకీ నాకూ ఏకాభిప్రాయం కుదరలేదు. మా ఆవిడ దిగే రోజుకి మా గ్యారేజీలో రెండు కార్లున్నాయి, కదిలేది ఒక్కటీ లేదు. నిజం చెప్పడానికి ఫోన్ ఎత్తి ఎన్నిసార్లు పెట్టేశానో. ఎయిర్‌పోర్ట్‌కి బస్సులోనే వెళ్ళాను. ఆవిడ మొహంలోకి ఎలా చూడాలన్న బెంగ తప్ప, కొత్త పెళ్ళాం వస్తోందన్న సంబరం కూడా మిగల్లేదు.

ఎంతకీ రాలేదు. అందరూ వెళ్ళిపోయాక, రెండు పెద్ద సూట్‌కేసులున్న ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిమ్మకాయలు తీసేసుకున్నారండీ" అంది.

"ఏం నిమ్మకాయలు?"

"మన కారు చక్రాల కింద పెట్టడానికి. అమ్మ ఇచ్చింది. పళ్ళూ కాయలూ తేకూడదట. ఎందుకు తెచ్చావని అడిగితే, మా ఆయన సొంతంగా కారు చేశారని చెప్పాను. ఆ తనిఖీ ఆఫీసరమ్మ బాగుందందిగానీ కాయలివ్వలేదు." కొంగుతో ముక్కు తుడుచుకుని, "మొదటిసారి ఎక్కుతూ నిమ్మకాయలు తొక్కించకుండా ఎలా?" అంది.

ఇక దాచి లాభం లేదని, "దానికి చక్రాలు లేవు" అన్నాను. చక్రాలే కాదు, ఇంజనూ లేదని, పాత కారుకీ లేదని, బస్సులో వచ్చానని, బోల్టుతో సహా మొత్తం అక్కడే నిలబడి చెప్పేశాను.

ఆవిడ నన్ను చూసింది. సూట్‌కేసులు చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"పోనీలెండి, లేని నిమ్మకాయలకీ లేని చక్రాలకీ సరిపోయింది" అంది. తర్వాత ట్రాలీ మీద చెయ్యేసి, "అయినా రెండే సీట్లన్నారు కదా, ఈ పెట్టెలు ఎక్కడ పెడదామనుకున్నారు?" అని అడిగింది.

అంతవరకూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. అన్నకీ తట్టలేదు.

ఇప్పుడు మాకు అందరిలాంటి కారే ఉంది. వెనక బూటు చాలా పెద్దది, ఆవిడే చూసి ఎంచుకుంది. ఈమధ్య ఏ పని చేయాలన్నా పది వీడియోలు చూసి, నలుగురిని అడిగి, చివరికి చేయడం మానేస్తుంటాను. అలాంటప్పుడు, చేతులకి నూనెతో గ్యారేజీ మధ్యలో నిలబడి, ఏమీ తెలియకపోయినా అంతా తెలిసినట్టే ఊగిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టాలనే అనుకుంటాను. తీరా నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.