ఆశ్రయ గృహానికి షామియానా

గృహహింస చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో, రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో, నన్ను గుంటూరు నుంచి సికింద్రాబాద్‌కు బదిలీ చేశారు. హోదా ప్రాజెక్టు ఆఫీసరు. స్థానిక సంస్థలో పేదల సంక్షేమం చూసే విభాగంలో ఆ పదవికి ఒక బల్ల, ఒక ఫ్యాను, సంతకం పెట్టే బాధ్యత ఉండేవి. ఖర్చు పెట్టే అధికారం మాత్రం పైన డిప్యూటీ కమిషనరుది. భర్త చేతిలో దెబ్బలు తిని ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు ఒక ఆశ్రయ గృహం తెరిచి నడపడం నాకు అప్పగించిన పని.

నిధులు రెండు విడతలుగా వచ్చేవి. మొదటి విడతతో ఇల్లు అద్దెకు తీసుకుని మంచాలు, వంట సామాను కొనాలి. తిండికి, జీతాలకు, తర్వాతి అద్దెకు రెండో విడత. అది రావాలంటే వినియోగ పత్రం పంపాలి. మొదటి డబ్బు దేనికి వాడామో రాసి సంతకం చేసే కాగితం అది. దానికి ప్రారంభోత్సవం ఫొటోలు జతపరచాలనేవారు. ఫొటోల నిబంధన ఏ జీవోలోనూ నాకు కనిపించలేదు. జీవోలో ఉన్నవాటిని ఎవరూ అంత నిష్ఠగా పాటించగా కూడా చూడలేదు.

పద్మారావు నగర్‌లో ఒక సందు చివర ఇల్లు కుదిర్చాను. మూడు పక్కలా పక్కిళ్ల గోడలు, ముందు ఒకే గేటు. ఇలాంటి ఇంటి చిరునామా బయటికి పొక్కకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. కొట్టే మొగుడు ముందు పుట్టింటికి వెళ్లి వెతుకుతాడు, అక్కడ దొరక్కపోతే ఇలాంటి చోట్ల ఆరా తీస్తాడు. అందుకే బోర్డు కూడా పెట్టించలేదు. మాట్రన్‌గా రాజమణిని తీసుకున్నాను. ఆమె ఇంటిని అద్దంలా తుడిచి కూర్చుంది. ప్రారంభోత్సవం కాకుండా లోపలికి మాత్రం ఎవరినీ రానివ్వడానికి లేదు. ప్రారంభించాల్సిన నాయకుడికి తీరిక లేదట. మొదట ఆషాఢం అన్నారు, తర్వాత ఆయన పర్యటన అన్నారు. మంచాలు ప్లాస్టిక్ కవర్లతోనే పడి ఉన్నాయి.

ఆ మధ్యలో, ఆ చట్టం కింద నియమించిన రక్షణ అధికారి ఉత్తరం పట్టుకుని సునీత వచ్చింది. మౌలాలిలో కాపురం. ఎడమ చేతికి పిండికట్టు. భర్త కూలి పని చేస్తాడని ఉత్తరంలో ఉంది. ఇంకోసారి దొరికితే చంపుతానన్నాడని ఆమె చెప్పింది. ఆ చేయి చూశాక నేను వేరే రుజువు అడగలేదు. ఒక మంచం కవరు చింపించి ఆమెకు ఇచ్చాను.

డిప్యూటీ కమిషనరు నన్ను పిలిపించాడు. "రిబ్బన్ కట్ గాకముందే లోపల మనుషులెట్లుంటరు మేడం? రేపు ఆడిటోళ్లు అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు. ముహూర్తం దాకా ఆగకుండా మొగుడు చేయి విరగ్గొట్టాడని రాయమన్నాను. ఫారంలో అలాంటి కాలమ్ లేదన్నాడు. ఆయన హాస్యమాడుతున్నాడేమో అని మొహం చూశాను. లేదు.

చివరికి నాయకుడి తేదీ దొరికింది. ఇక మా ఆఫీసు ఉత్సాహం చెప్పతరం కాదు. సందు మొగలో చిరునామాతో సహా ఫ్లెక్సీ, గేటు లోపల షామియానా, పత్రికలవాళ్లు, వేదిక మీద బాధితురాలికి చీర బహూకరణ. ఇల్లు రహస్యంగా ఉండాలని నేను నోట్ పెట్టాను. "రహస్యంగుంటే పని చేసినమని ఎట్ల తెలుస్తది మేడం?" అని డిప్యూటీ కమిషనరు నోట్ తిప్పి పంపాడు. చదువుకున్నవాడే, రెండు డిగ్రీలు కూడాను.

సభ నిండుగా కనబడాలంటే మహిళా సంఘాలవాళ్లను వ్యాన్లలో తేవడం మా ఆనవాయితీ. అందరికీ ఒకే రంగు చీరలు. ఆ చీరల మూటలు ముందురోజే ఇంట్లో దించారు. జనానికి చీరలు కట్టించి కూర్చోబెట్టే ఆ తంతు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు పొద్దున టెంటు హౌసు వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకడు నా దగ్గరకు వచ్చి, "మేడం, స్టేజీ యాడ వెయ్యమంటరు?" అని చేతులు కట్టుకుని అడిగాడు. చాలా మర్యాదస్తుడు. చోటు చూపించాను. కాసేపటికి రాజమణి నన్ను లోపలికి లాగి గొంతు తగ్గించి చెప్పింది: "మేడం, గా స్టేజీ వేసేటోడు సునీత మొగుడు. కిటికిలకెళ్లి సూసి ఆమెనే గుర్తువట్టింది."

సునీత వంటింటి మూల కూర్చుని ఉంది. బయటికి దారి ఒకటే, ఆ గేటే. గేటుకూ గుమ్మానికీ మధ్య అతను కుర్చీలు వేస్తున్నాడు. పోలీసులను పిలుద్దామంటే వాళ్లంతా నాయకుడి బందోబస్తులో ఉన్నారు. పైగా కుర్చీలు వేసే మనిషిని ఏ నేరం మీద పట్టుకుంటారు? నాకు నిజంగా భయం వేసింది. మా డబ్బుతో, మా పిలుపు మీద, అతన్ని మేమే ఆ గుమ్మం దాకా తీసుకొచ్చాం.

రాజమణే చీరల మూట విప్పింది. సునీతకు ఆ రంగు చీర కట్టి, పిండికట్టు మీదుగా కొంగు కప్పి, నెత్తిన ముసుగు వేసింది. లోపల తయారైన సంఘం ఆడవాళ్లు నాయకుడికి ఎదురు వెళ్లడానికి గేటు వైపు నడుస్తుంటే ఇద్దరూ వాళ్ల మధ్యలో దూరారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అతను ఒక కుర్చీ పక్కకు లాగి, "జెర నిమ్మలంగ పోండ్రి అక్కా" అని అందరికీ దారి ఇచ్చాడు. సునీత అతనికి చేయి చాచే దూరంలోంచి వెళ్లింది. తల తిప్పి చూడలేదు. సంఘంవాళ్లు వచ్చిన వ్యానే ఎక్కించి రాజమణి ఆమెను మారేడ్‌పల్లిలో మా ఇంటికి తీసుకుపోయింది.

నాయకుడు రిబ్బన్ కోసి గదులన్నీ చూశాడు. బాధితులు ఏరని అడిగాడు. "ఇయ్యాలనే షురూ కద సార్" అన్నాడు డిప్యూటీ కమిషనరు, నా వైపు కొరకొరా చూస్తూ. నాయకుడు మైకు పట్టుకుని, ఈ ఇంట్లో ఎవరూ లేరంటే మన ఆడపడుచులు సుఖంగా ఉన్నారని అర్థం అన్నాడు. చప్పట్లు కొట్టారు. టెంటువాళ్లూ కొట్టారు. బహూకరించాల్సిన చీర మిగిలిపోయింది. సంఘంలో ఒకామెను స్టేజీ ఎక్కించి ఇచ్చి, బాధితురాలని ఫొటో తీయించారు. ఆమె దిగి వచ్చి, "మా ఆయన మంచోడే మేడం, పేపర్ల ఏమని రాస్తరో" అని పరేషాన్ అయింది.

మర్నాడు పేపర్లో సందు పేరుతో సహా పడింది. ఆ ఇల్లు ఇక దేనికీ పనికిరాదు. ఫొటోలు మాత్రం పైవాళ్లకు బాగా నచ్చాయి, రెండో విడత వెంటనే వచ్చింది. దానితో వేరే చోట ఇల్లు తీసుకున్నాను. అది ఎక్కడో ఇప్పటికీ చెప్పను. దానికి ప్రారంభోత్సవం జరగలేదు. సునీత అక్కడ చేయి మానేదాకా ఉండి, కోర్టులో రక్షణ ఉత్తర్వు తెచ్చుకుని, కుట్టు మిషన్ పని చూసుకుని వెళ్లింది.

నిధులు ఇచ్చేవాళ్లకు పని కనబడాలి, ఆ పని బతకాలంటే కనబడకూడదు. ఆ రోజు తెలిసింది ఇంతే. తర్వాత ఏ ఆశ్రయ గృహం ఫైలు వచ్చినా టెంటు కాంట్రాక్టు ఎవరిదని ముందు అడిగేదాన్ని. కమీషను కోసం అడుగుతున్నానని ఆఫీసంతా చెప్పుకునేవారు. నాకు వాటా ఇవ్వాల్సి వస్తుందన్న దిగులుతో చాలాసార్లు టెంటే మానుకున్నారు. ఆ అపవాదును రిటైరయ్యేదాకా నేను ఖండించలేదు.