ఎర్ర రుమాలు పిల్ల

మనీష నన్ను అడిగిన మొదటి మాట, "మీ గొంతు ఎంతసేపు ఆగుతది సార్?" అని.

చిక్కడపల్లి లైబ్రరీలో చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివిపెట్టేవాళ్లు కావాలని ఎవరో చెబితే వెళ్లాను. నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన మనిషిని. ఇంట్లో మనసులో చదువుకునేది అక్కడ పైకి చదివితే పోయేదేముంది అనుకున్నాను. గంటసేపు ఆగుతుందమ్మా అన్నాను. గంట తర్వాత ఏమవుతుందని అడిగింది. చాయ్ తాగితే ఇంకో గంట లాగొచ్చన్నాను. "అయితే చాయ్ నాది" అంది. అట్లా మా బేరం కుదిరింది.

వాళ్లది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె. తల్లి ఈదమ్మ, తండ్రి బిల్డింగుల పనికి పట్నం వచ్చినప్పుడు మనీష చంకలో పిల్ల. నడక నేర్చాక ఒక జ్వరంలో చూపు పోయింది. కొన్నాళ్లకు తండ్రి కూడా పోయాడు. ఈదమ్మ ఇటుకలు మోసి, ఇసుక మోసి, బిడ్డను చూపులేని పిల్లల బడిలో వేసింది, కాలేజీ దాకా నడిపించింది. నడుము ఇక మోయనన్నాక అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు భోజనం పెట్టే ఒక మెస్సులో గిన్నెలు కడిగే పనికి కుదిరింది. మెస్సు వెనక చిన్న గదిలో తల్లీకూతుళ్లు ఉండేవాళ్లు.

మనీష టీచరు పరీక్షకు చదివేది. చరిత్ర, పిల్లల మనస్తత్వం, తెలుగు వ్యాకరణం, ఏది ఇస్తే అది చదివాను. ఆమె ఫోన్‌లో నా గొంతు పట్టుకుని రాత్రి మళ్లీ వినేది. నేను చదువుతూ తూగితే మరునాడు పట్టించేది. "మౌర్యుల దగ్గర గురక పెట్టిన్రు సార్, గుప్తుల దగ్గర లేచిన్రు."

ఉద్యోగం వచ్చింది. చూపులేని పిల్లలుండే బడిలోనే. మిఠాయి డబ్బా పట్టుకుని లైబ్రరీకి వచ్చి, నాకొకటి తినిపించి, ఇంకొక్క పుస్తకం మిగిలింది సార్ అంది. ఏ పుస్తకమంటే, బొమ్మల పుస్తకం అంది.

చిన్నప్పుడు బాగ్ లింగంపల్లిలో ఇంకా కడుతున్న ఒక ఇంట్లో వీళ్లుండేవాళ్లట. ఆ ఇంటి చెత్తలో ఈదమ్మకు పిల్లల కామిక్స్ పుస్తకం ఒకటి దొరికింది, వెనక సగం లేకుండా. ఈదమ్మకు చదువు రాదు. బిడ్డకు చూపు లేదు. పని దిగాక పొయ్యి ముందర కూర్చుని ఆ తల్లి బొమ్మలు చూసి కథ చెప్పేది. బావులు తవ్వేవాళ్ల ఇంట్లో ఒక పిల్ల. ఆకాశంలో నుంచి నిప్పు వచ్చి వాళ్ల బావిలో పడుతుంది. ఆ వెలుగుకు పిల్ల కండ్లు పోతాయి. కండ్ల మీద ఎర్ర రుమాలు కట్టుకుంటుంది. చూపు పోయిన దినం నుంచే బలం వస్తుంది. నేలకు చెవి పెట్టి నీళ్లెక్కడున్నాయో చెబుతుంది, దొంగలెటు నుంచి వస్తున్నారో చెబుతుంది, బండరాళ్లు ఎత్తి విసురుతుంది. పేరు తెలియదు కాబట్టి ఈదమ్మ ఎర్ర రుమాలు పిల్ల అని పెట్టింది. ఒక వానకాలం ఆ పుస్తకం నాని ముద్దయిపోయింది. కథ మాత్రం మనీష దగ్గర ఉండిపోయింది. బస్టాపులో పడ్డప్పుడూ, హాస్టల్లో ఏడుపొచ్చినప్పుడూ ఆ పిల్లే తోడుండేదట.

"బడిల మొదటి దినం పిల్లలకు ఈ కథనే చెప్దామనుకుంటున్న సార్" అంది. "కానీ ముందు నాకు తెల్వాలె. ఆ పిల్లకు నిజంగ కండ్లు లేవా, అమ్మ నా కోసం కల్పించి చెప్పిందా?"

కథే కదమ్మా, ఎట్లుంటే ఏం అన్నాను.

"పిల్లలు పెద్దగయినంక ఎవరితోనన్న ఆ బుక్కు చదివిచ్చుకుంటరు. మా టీచరు అబద్ధం చెప్పింది అనుకుంటరు. మా అమ్మ గురించి నేను అట్ల అనుకోవద్దనే ఇన్నేండ్లు ఎవరినీ అడగలే. ఇప్పుడు అడగక తప్పదు."

సుల్తాన్ బజార్‌కు దగ్గర్లో పాత పుస్తకాలమ్మే శ్రీనాథ్ నాకు ఎప్పటి నుంచో తెలుసు. పేరు తెలియదు, రచయిత తెలియదు, ఎర్ర రుమాలు ఒక్కటే గుర్తు అంటే ఎగాదిగా చూశాడు. "సాగరన్నా, ఇన్నేండ్లు లావు లావు బుక్కులు మోసుకపోయి, ఆఖరికి బొమ్మల కాడికి వచ్చినవా?" అన్నాడు. అన్నాడే గానీ వెతికాడు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, నీ పిల్ల దొరికింది, రా అన్నాడు.

'ఉల్కాబాల' అని పేరు. ఆమె ఎట్లా పుట్టిందో చెప్పే మొదటి పుస్తకం, అట్టతో సహా పూర్తిగా ఉంది. దుకాణంలో నిలబడే చదివాను. ఉల్క బావిలో పడ్డ మాట నిజం. కానీ ఆ పిల్ల చూపు పోలేదు. చూపులోకి ఉల్క వేడి వచ్చింది, ఎటు చూస్తే అటు కాలిపోతుంది. అందుకని ఒక గురువు కండ్లకు ఎర్ర గుడ్డ కట్టి, అదుపు నేర్చేదాకా విప్పొద్దన్నాడు. ఈదమ్మకు దొరకని చివరి పేజీలో పిల్ల ఆ గుడ్డ విప్పుతుంది. పేజీ నిండా రెండు పెద్ద కండ్లు. శత్రువుల కత్తులు కరిగిపోతాయి.

అక్కడి నుంచి చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు. నేను ఏం చదివితే మనీషకు అదే పుస్తకం. ఆ చివరి పేజీ లేదనుకుంటే సరిపోతుంది, అడిగేవాళ్లెవరూ లేరు. కానీ నా గొంతును నమ్మి పరీక్ష రాసిన పిల్ల. కాచిగూడ చౌరస్తా దాటేటప్పటికి ఉన్నది ఉన్నట్టే చదువుదామనుకున్నాను.

లైబ్రరీ ఆవరణలో బెంచీ మీద కూర్చుని చదివాను. గురువు మాట దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది. మనీష వేళ్లు ఒళ్లో సంచి పట్టీని మడిచి విప్పుతున్నాయి. పుస్తకం అయిపోయింది.

"మీరు మాటలు చదివిన్రు సార్. బొమ్మలల్ల ఏమున్నది?"

మొదటి పేజీకి వెళ్లాను. ఒక అమ్మాయి నిలబడి ఉంది అన్నాను. ఎట్ల నిలబడ్డది, కాళ్లు ఎట్ల పెట్టింది, చేతులెక్కడున్నయి అని అడిగింది. నేను తడుముకున్నాను. బతుకంతా అక్షరం పక్కన అక్షరం చూసినవాణ్ణి, బొమ్మ వస్తే పేజీలో ఖాళీ వచ్చినట్టే దాటిపోయేవాణ్ణి. ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివీ, ఆఖరి పేజీలోని కండ్లు తప్ప, అందులోని ఒక్క బొమ్మను నేను చూడలేదు.

"మీకు రాదు సార్. అమ్మ దగ్గరికి పోదాం పదండి" అని లేచింది.

నా మోచేయి పట్టుకుని నడిచింది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తనే నన్ను ఆపింది, మూల మలుపు తిరిగే బస్సును నాకన్నా ముందు విని.

మెస్సులో మధ్యాహ్నం పంక్తులు లేచిపోయాయి. వెనక నల్లా దగ్గర ఈదమ్మ పెద్ద పెద్ద గిన్నెల మధ్య కూర్చుని ఉంది. పుస్తకం చూపిస్తే చేతులు కడుక్కుని, కొంగుకు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని గానీ అందుకోలేదు. అట్ట చూడగానే ముఖమంతా విచ్చుకుంది.

"ఓయమ్మ, గీ పిల్లనే. యాడ దొరికె సారూ? గిది ఇంక బతికే ఉన్నదా?"

మనీష ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఎప్పటిలాగ చెప్పమంది. సర్కారు నౌకరి వచ్చినా కథలు కావాల్నా నీకు అని తల్లి ఒక మాట అని, మొదలుపెట్టింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాను. పిల్ల బావి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడ్డది అంది. నిజమే. కుక్క తోక కాళ్ల సందున పెట్టుకున్నది అంది. అదీ నిజమే. నిప్పు పడ్డ బొమ్మ దగ్గర వేలు ఒక మూలకు పెట్టింది.

"గీమె తల్లి. సూడు సారూ, తట్ట సుత కింద పెట్టలే. తట్టతోనే ఉరికొచ్చింది."

మూలన, వేలిగోరంత, తల మీద తట్టతో ఒకామె పరుగెత్తుతోంది. పుస్తకంలోని మాటల్లో తల్లి ఊసే లేదు. నేను మిగతా పేజీలు చూశాను. గురువు దగ్గరా ఉంది, దొంగల దగ్గరా ఉంది. ప్రతి పేజీలో ఎక్కడో ఒక మూల ఆ తట్ట ఆమె ఉంది. ఆ చిత్రకారుడెవరో ఊరికే గీయలేదు. చూసేవాళ్లు చూస్తారని గీశాడు.

పాత పుస్తకం చినిగిపోయిన చోటు వచ్చింది. ఈదమ్మ ఆగింది.

"ఇంక పేజీలున్నయి అమ్మా" అంది మనీష, గొంతు మామూలుగా ఉంచుకుని. "నువ్వు చూడనియి. ఆఖరిది చెప్పు."

ఈదమ్మ తిప్పింది. పేజీ నిండా ఆ రెండు కండ్లు. ఆమె చాలాసేపు చూసింది. తలెత్తి బిడ్డ ముఖం చూసింది, మళ్లీ పుస్తకం చూసింది.

"రుమాలు ఇప్పింది."

"ఎందుకు?"

"చెమట తుడుసుకుంటున్నది. గంత కొట్లాడినంక చెమట పట్టదా?"

"కండ్లు ఎట్లున్నయి అమ్మా?"

"తెరిచే ఉన్నయి."

"తెరిచి ఉంటే కనవడుతున్నట్టేనా?"

"నీయి తెరిచి లేవా ఏందే?" అంది ఈదమ్మ.

మనీష ముందు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చేయి తీసేసి, తల్లి భుజం మీద తల పెట్టి నవ్వింది. ఆ నవ్వులో కొంత తడి కూడా ఉంది. ఈదమ్మ, నడు, గిన్నెలు ఎండిపోతున్నయి అని కసిరింది గానీ జరగలేదు. నేను పుస్తకం తీసుకుని ఆ చివరి పేజీని మళ్లీ చూశాను. నుదుటి మీద చిన్న చిన్న చుక్కలు గీసి ఉన్నాయి. చెమటే.

ఆ సాయంత్రం నన్ను తినకుండా పంపలేదు. అడుగంటిన పప్పు, మాడిన అన్నం ముక్క, రెండూ బాగున్నాయి.

బడి తెరిచిన రోజు మనీష ఫోన్ చేసింది. రెండు కథలూ చెప్పిందట. పుస్తకంలో మాటలు ఇట్ల ఉన్నయి, మా అమ్మ బొమ్మలల్ల చూసింది ఇట్ల ఉన్నది అని. పిల్లలు కండ్ల సంగతి ఒక్కరూ అడగలేదట. వాళ్లకు తట్ట ఆమె మీదే ధ్యాస. ఆ తట్టలో ఏముంది, పరుగెత్తేటప్పుడు పడిపోలేదా అని ఒకటే గోల.

"ఆమె పేరేంది టీచర్ అని అడిగిన్రు సార్. ఈదమ్మ అని చెప్పిన. అది అబద్ధం కాదు కదా?"

బతుకంతా ప్రూఫులు చూసినవాణ్ణి. తప్పేమీ లేదమ్మా, అట్లనే ఉంచు అన్నాను.

ఇప్పుడు నేను ఏ పుస్తకం తెరిచినా ముందు బొమ్మ చూస్తాను, ముఖ్యంగా మూలలు. ఇంత ఆలస్యంగానైనా నాకు చదవడం నేర్పినందుకు ఆ తల్లీకూతుళ్లకు రుణపడి ఉన్నాను. చాయ్ మాత్రం ఇంకా మనీషదే.