గొర్లు పట్టేంత బాట

పోయిన నెల, ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం పొద్దున మహబూబ్‌నగర్ బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. సారు కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నాయిన పోయిండు. నిద్రలనే" అన్నాడు. నేను ఆ పూట బయల్దేరిందే సారు దగ్గరికి. నెలకో ఆదివారం వాగు వెంట మా నడక ఉంటుంది. చేతిలో సద్ది డబ్బా, కాళ్లకు నడక బూట్లు. ఇంటికి పోయి మార్చుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ బూట్లతోనే సారు చావుకు వెళ్లాను.

ఆయన మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు సారు. మీ బళ్లోనూ ఒక డ్రిల్లు సారు ఉండే ఉంటాడు. మెడలో విజిల్, ఎండకు నల్లబడ్డ ముఖం, లెక్కల సారు రాని రోజున క్లాసులోకి పంపిస్తే ఏం చెప్పాలో తెలియక కథలు చెప్పి గంట గడిపేసే మనిషి. మా సారూ అంతే. బతికుండగా ఆయన గురించి ఎవరూ నాలుగు ముక్కలు రాయలేదు. ఇప్పుడు నేను రాస్తున్నాను. ఆయన ఒక బాటను బతికించారు, అది ఎంత పనో నేను దగ్గరుండి చూశాను.

మా ఊరు దుందుభి వాగు ఒడ్డున ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లకు ఆ వాగంటే ఇసుక, బండలు, అక్కడక్కడ మడుగులు. ఒడ్డు వెంట కింది ఊరి దాకా నడిస్తే మాత్రం ఎంతో ఉంది. మొదట రాకాసి గుళ్లు, అంటే ఏనాటి మనుషులో తమ చచ్చినవాళ్ల కోసం గుండ్రంగా పేర్చిన పెద్ద బండలు. ఆ తర్వాత కప్పు కూలిన శివాలయం, దాని వెనక కత్తులు పట్టుకొని నిలబడ్డ వీరుల రాళ్లు. ఇంకా దిగువకు పోతే మెట్ల బావి. వీటన్నిటినీ కలిపేది ఒకటే బాట. ఎవరూ వేసింది కాదు, తరతరాలుగా మడుగులకు దిగే గొర్రెలు తొక్కి తొక్కి చేసింది.

సారు రిటైరైంది తెలంగాణ వచ్చిన కొత్తలో. అప్పటికే ఊళ్లో ఇంటికో మోటారు సైకిల్ ఉంది. కింది ఊరికి వాగు వెంట నడిచి పోయేవాళ్లు ఎవరూ లేరు. ఒకరోజు సారు కత్తి పట్టుకొని ముళ్లు కొట్టుకుంటూ ఆ బాటన పోయారట. తిరిగొచ్చి చావడి దగ్గర కూర్చున్నవాళ్లతో, "ఒక్క వానకాలం నడవకుంటే సర్కారు తుమ్మ మింగుతది. మనం నడవనీకె ఏం రోగం?" అన్నారు. వాళ్లు నవ్వారు. ఆయన మాత్రం ఆ ఆదివారమే తన పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేశారు. అందులో నేనొకదాన్ని.

నాకు నడకంటే పడదు. కచేరీలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది, ఇంట్లో తాతల నుంచి మగ్గం. తప్పించుకుందామని, "సారూ, మేం మగ్గం గుంటల కూసునెటోళ్లం, మాతోని నడక కాదు" అన్నాను.

"ఎవరు చెప్పిండ్రు? మీ అవ్వ వాడకట్టుల పడుగు నూలు సాపి, గంజి కుంచె పట్టుకొని ఆ కొస నుంచి ఈ కొసకు ఎంత నడిచిందో నేను సూడలేదా? ఆ నడకంత కలిపితే హైదరాబాద్ పోయి రావొచ్చు. బూట్లు కొనుక్కో బిడ్డా" అన్నారు.

కొనుక్కున్నాను. డ్రిల్లు సారుతో వాదించి గెలిచినవాళ్లు మా బళ్లో అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

నడకలో ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. ముందు ఆయన నడవరు, అందరికంటే వెనక ఉంటారు. ఎవరైనా సెల్‌ఫోన్ చూస్తూ నడిస్తే విజిల్ ఊదుతారు. అది వినగానే నడి వయసు వాళ్లం కూడా ఉలిక్కిపడి నిలబడేవాళ్లం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మెట్ల బావి దగ్గరే విప్పాలి, అంతకుముందు ఎంత ఆకలైనా సరే. ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒకాయన వీరుల రాళ్లు చూసి, ఇవి ఏ కాలానివని అడిగాడు. సారు తడుముకోకుండా, "నాకు తెల్వది" అన్నారు. పక్కకొచ్చాక నేను కొంచెం చిన్నబోయి, ఏదో ఒకటి చెప్పాల్సింది కదా సార్ అన్నాను. "తెల్వనిది తెల్వదంటె సిగ్గెందుకు? సదువుకున్నోళ్లు ఎప్పుడో వస్తరు, చెప్తరు. అంతదాంక రాయి పడిపోకుంట సూసుకునుడే మన పని" అన్నారు. ఆ మాట నాకు కచేరీలో కూడా చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇంత తెలిసిన మనిషి ఒక తమాషా పొరపాటు చేశారు. కొత్తవాళ్లు దారి తప్పుతున్నారని బాట మలుపుల్లో నిలువు రాళ్లకు గుర్తులు పెట్టాలనుకున్నారు. ఎవరింట్లోనో పెళ్లికి తెచ్చి మిగిలిన సున్నం, జాజు దొరికాయి. రాయికి తెల్లగా సున్నం కొట్టి మధ్యన ఎర్రగా జాజు పట్టీ వేశారు. దూరం నుంచి కూడా భలే కనిపించేవి. మా దిక్కున సున్నం మీద జాజు పట్టీ ఉందంటే అది గుడి గోడైనా కావాలి, దేవుడి గద్దెయినా కావాలి. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ మాత్రం తట్టలేదు మా సారుకి. బకెట్ మోసిన నాకూ తట్టలేదు. మరుసటి నెల వెళ్లేసరికి ప్రతి రాయికీ పసుపు కుంకుమలు. శివాలయానికి ఇవతలి మలుపు దగ్గరి రాయికైతే కొబ్బరికాయ, వేపమండ కూడా.

ఆ కాయ కొట్టింది రోజూ ఆ బాటన గొర్రెలు తోలుకుపోయే అవ్వ. సారు ఆమెను పట్టుకొని, "అవ్వా, గది దేవుడు కాదు. బాట గుర్తు. నేనే సున్నం కొట్టిన" అన్నారు.

"కొడితే కొట్టినవు సారూ. నా గొర్లు దారి తప్పకుంట సూస్తాంది గదా! ఒక కాయ కొడితే నీదేం పోయింది?" అంది అవ్వ.

సారు నవ్వీ నవ్వీ ఆ రాయి పక్కనే కూలబడ్డారు.

కొన్నేళ్లకు భూముల ధరలు లేచాయి. నల్లగొండ నుంచి ఒకాయన వచ్చి ఊరికీ వాగుకూ మధ్యన పొలం కొన్నాడు. బత్తాయి తోట పెట్టి, చుట్టూ రాతి కడీలు పాతించి ముళ్ల తీగ లాగించసాగాడు. బాట ఆ పొలంలోంచే పోవాలి. కాగితాల్లో బాట లేదు, కాబట్టి ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. శివాలయానికి పోవాలంటే ఇక చుట్టూ తిరిగి తారు రోడ్డున పోవాలి. గొర్రెలకూ అదే గతి. ఆ రోడ్డు మీదే అవ్వ గొర్రెలు రెండు లారీ కింద పడ్డాయి. చచ్చిన గొర్రె తల ఒళ్లో పెట్టుకొని అవ్వ రోడ్డు పక్కన కూర్చుంటే చూడలేకపోయాం.

అయితే కంచె చివరికొచ్చేసరికి కూలీలు ఒకచోట పని ఆపేశారు. అవ్వ కాయ కొట్టిన రాయి సరిగ్గా కంచె గీతలో ఉంది. దేవుడి రాయిని మేం పెకిలించం అన్నారు వాళ్లు. దాంతో ఊరివాళ్లకు ప్రాణం లేచొచ్చింది. "సారూ, మీరు జర సప్పుడు చెయ్యకుండ్రి. దేవుని పేరు చెప్తే కంచె వెనుకకు జరుగుతది" అన్నారు. నేనూ అదే అన్నాను.

సారు మా అందరి ముఖాలూ చూసి, "రేపు ఇంకొకడు ఇంకో రాయికి సున్నం కొట్టి మీ ఇండ్లు జరుపుమంటడు. అప్పుడేమంటరు?" అన్నారు.

ఆ వెంటనే లేచి, నన్ను వెంటబెట్టుకొని తోట ఆసామి దగ్గరికి వెళ్లారు. "ఆ రాయి దేవుడు కాదు, నేను పెట్టిన గుర్తు. కావాల్నంటె నేనే తీసి పక్కకు పెడత. కాని బాట నిజం. గొర్లు పోయెటంత జాగ ఇడువు" అన్నారు.

ఆసామి సారును మంచం మీద కూర్చోమన్నాడు. "ఊరంత దేవుడంటాంది. నువ్వొక్కనివి కాదంటున్నవు."

"గందుకే వచ్చిన."

ఆసామి చెడ్డవాడేం కాదు. రాయిని అలాగే ఉంచి, దాని పక్కన మనుషులు నడవడానికి రెండు కడీల మధ్య సందు వదిలాడు. గొర్రెలు వస్తే లేత చెట్లు మేస్తాయి కాబట్టి గొర్రెలకు మాత్రం కుదరదన్నాడు. ఆ సందులోంచి మేం పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చి ఒక్కొక్కరం దూరేవాళ్లం. నడక మళ్లీ మొదలైందని నేను సంబరపడ్డాను. సారు పడలేదు. "గొర్లు చేసిన బాట మీద గొర్లే పోకుంటే మనం పోయి ఏం లాభం?" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి నడకకూ తోట దగ్గర ఆగేవారు. ఆసామి చాయ్ ఇప్పించేవాడు. ఎండలూ వానలూ మాట్లాడుకున్నాక సారు, "ఎడల్పు సంగతి ఏమైంది మరి?" అనేవారు. ఆయన, "సూద్దాం సారు" అనేవాడు. ఎన్ని ఆదివారాలు ఇదే మాట! ఒకసారి నాకు ఒళ్లు మండి, ఇంకెన్నాళ్లు అడుగుతారు సార్ అన్నాను.

"ఆయన వద్దు అనలేదు బిడ్డా. సూద్దాం అన్నడు. సూసెదాంక అడుగుత" అన్నారు సారు, చాయ్ గ్లాసు కింద పెడుతూ. ఆ గొంతులో ఇసుమంత అనుమానం లేదు. ఆయన్ను తలుచుకుంటే ముందు ఆ గొంతే వినిపిస్తుంది నాకు.

చూసేదాకా సారు ఉండలేదు. ఫోన్ వచ్చిన ఆ ఆదివారం మధ్యాహ్నం పాడె లేచింది. మా ఊరి కాటి జాగా వాగు ఒడ్డున, తోటకు అవతల ఉంటుంది. సందులోంచి పాడె పట్టదు, రోడ్డు మీదుగా పోదామని కొడుకు అన్నాడు. అప్పటిదాకా ఏడుస్తున్న అవ్వ తల ఎత్తి, "సారు రోడ్డుకెల్లి పోవుడేంది? సారు బాట ఉండంగ!" అని ముందు నడిచింది. ఏం చేయాలో తెలియకపోయినా అందరం ఆమె వెనకే వెళ్లాం. మా దిక్కున పాడెను దారిలో ఒకసారి దింపి, ఒకవేళ లేస్తారేమోనని చెవిలో పిలుస్తారు. కంచె ముందరే దింపారు. కొడుకు వంగి "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. నాకు ఆగలేదు, గట్టిగానే ఏడ్చాను.

తలెత్తి చూసేసరికి ఆసామి తోటలోంచి వస్తున్నాడు. వెనక గడ్డపారలతో ఇద్దరు పనివాళ్లు. ఆయన సారు కాళ్ల దగ్గర చేతులు జోడించి, తీగలు కత్తిరించడం మొదలుపెట్టాడు. పనివాళ్లు ఒక కడీని కదిలించి పెకిలించి పక్కన పడేశారు. పాడె మోసేవాళ్లు లేవబోయారు. ఆసామి వాళ్లను ఆగమని, అవ్వ వైపు తిరిగాడు.

"సాలా అవ్వా?"

అవ్వ ముక్కు చీదుకొని, ఆ జాగాను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. "మనుషులకు సాలు. గొర్లకు సాలదు. ఇంకొకటి తియ్యి."

"తియ్యుండ్రి" అన్నాడు ఆసామి. "చెట్ల దిక్కు నేను అడ్డం కట్టుకుంట."

రెండో కడీ కూడా లేచింది. నలుగురు మనుషులు పాడె మోసుకుంటూ, భుజాలు ఒరుసుకోకుండా, బాటకు రెండు పక్కలా నిండుగా నడుస్తూ సారును వాగుకు తీసుకుపోయారు.

పొద్దుగూకుతుండగా మడుగులో స్నానాలు చేసి తడి బట్టలతో తిరిగి వస్తుంటే, ఎదురుగా అవ్వ మంద నీళ్లకు దిగుతోంది. అందరం బాట పక్కకు జరిగాం. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, తీగ ఒంటికి తగలకుండా, గుంపుగా ఆ జాగాలోంచి వచ్చాయి. సారు కొడుకు తడి తువ్వాల చేతిలో పట్టుకొని చివరి గొర్రె దాటేదాకా నిలబడ్డాడు. మంద వాగులోకి దిగిపోయాక కూడా, పెకిలించిన కడీల గుంతల మీద ఎర్రటి దుమ్ము చాలాసేపు అలాగే నిలబడి ఉంది.