అట్టమీది ఇంజనీరమ్మ

మా చెల్లెలు కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఈ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ మిషనమ్మే. నేను ఆమె అక్కను. నాకూ వీధివాళ్లు ఏదో పేరు పెట్టారని విన్నాను గాని, నా ముందు అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ చాలలేదు. నేను మూడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. అయినా ఈ సంగతి ఇంకెవరో రాస్తే నేనొప్పుకోను. జరిగినదాంట్లో చాలావరకు మా ముందుగదిలో, నేను పెట్టిన టీ తాగుతూనే జరిగింది.

ముందుగదిలో వీధివైపు కిటికీ ఉంది. దాని కింద మా చెల్లెలి బల్ల. బల్ల నిండా మరమేకులు, బాబిన్లు, తెగిన బెల్టులు, నూనె డబ్బా. మిషను బాగయిందని ఆమె నోటితో చెప్పదు. ఒక గుడ్డపీలిక మీద చివరిదాకా ఒక వరస కుట్టి, ఆ పీలికను మిషను పాదం కింద పెట్టి ఇస్తుంది. పుచ్చుకున్నవాళ్లు పీలికను ఇటూ అటూ తిప్పి చూస్తారు. పైన కుట్టు ఎలా ఉందో కిందా అలాగే ఉంటే మాట్లాడకుండా తీసుకుపోతారు. ఇక లాభం లేదనుకున్న మిషనుకు కుట్టు లేని పీలిక పెడుతుంది. అదీ మాట్లాడకుండానే తీసుకుపోతారు. మా ఇంట్లో మాటల పని నాది.

వయసులో ఉండగా ఆమెకు సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లు ముందు మొహం చూసేవాళ్లు, తర్వాత చేతులు చూసేవాళ్లు. గోళ్లలో నల్లగా నూనె. "పెళ్లయ్యాక ఇవన్నీ మానేస్తుంది కదా?" అని నన్ను అడిగేవాళ్లు, ఆమె అక్కడ లేనట్టు. ఆమె లేచి వెళ్లి బల్ల ముందు కూర్చునేది. అదే జవాబు. కొన్నాళ్లకు అడిగేవాళ్లు మానేశారు, నేనూ వెతకడం మానేశాను. మేమిద్దరం ఒకరి నసకు ఒకరం అలవాటుపడి బతుకుతున్నాం.

వీధి మలుపులో తాళంచెవులు చేసే ఆయన కొట్టు ఉంది. మనిషి పొడుగు, మాట పొట్టి. భార్య పోయి చాలాకాలమైంది. ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "అక్కయ్యగారూ, మా టీవీ పాడైందండీ. 'ఆకాశపు అంచు' మీ ఇంట్లో చూసుకోవచ్చా?" అన్నాడు. సరే చూడమన్నాను. ఆ టీవీ ఏళ్లు గడిచినా బాగవలేదు. పాడైన టీవీని బాగుచేయించని మనిషి తాళాలెలా బాగుచేస్తాడా అని నాకు అనుమానం వచ్చింది గాని, చెల్లెలు కుర్చీ ముందే తుడిచి పెడుతోందని గమనించి ఊరుకున్నాను.

'ఆకాశపు అంచు' సీరియలు మీలో చాలామంది చూసే ఉంటారు. చుక్కల మధ్య తిరిగే ఓ పాత ఓడ, దానికో కెప్టెను, మాటిమాటికీ ఏడ్చే ఓ మరమనిషి. ఓడ వారానికోసారి ఆగిపోతుంది. దాన్ని నడిపించేది ఇంజనీరమ్మ. ఆవిడ చెంప మీద ఎప్పుడూ నూనె మరక ఉంటుంది. కెప్టెను ఇంజను గది గుమ్మంలో నిలబడి "ఇంకెంతసేపు?" అంటాడు. "అడక్కుండా ఉంటే తొందరగా అవుతుంది" అంటుంది. మా చెల్లెలు తన దగ్గరికొచ్చేవాళ్లతో అనే మాటే అది. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో నాకు తెలియదు. ఒకటి మాత్రం నిజం, ఆ కెప్టెను ఆవిణ్ణి ఎన్నడూ చేతులు కడుక్కోమనలేదు.

ఆఖరి వారం ఓడ ఒక నల్లటి మబ్బులోకి వెళ్లింది. వెళ్లేముందు కెప్టెను, "బయటపడ్డాక నిన్నొక మాట అడగాలి" అన్నాడు. "ముందు బయటపడనీ" అంది ఆవిడ. అంతే, సీరియలు ఆగిపోయింది. తీసేవాళ్లు ఎందుకో మానుకున్నారట. తాళాలాయన ఖాళీ టీవీ వైపు కాసేపు చూసి, వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"వస్తాను వదినగారూ" అన్నాడు.

నేను విననట్టు ఊరుకున్నాను. అంతకాలం అక్కయ్యనైనదాన్ని వదిననయ్యానంటే మధ్యలో మా చెల్లెలున్నట్టే. అంతమాత్రం తెలియకుండా ఇంత వయసు రాలేదు నాకు. మర్నాడు ఓ టేపు పట్టుకొచ్చి మా చెల్లెలి బల్ల పొడుగూ వెడల్పూ కొలుచుకుపోయాడు, అలాంటి బల్లే చేయించుకుంటాడట. ఇంకో రెండు రోజులకు, ఆమె లేని సమయం చూసుకుని అసలు సంగతి బయటపెట్టాడు.

"వదినగారూ, మీ చెల్లెలిగారి ఉద్దేశం కాస్త కనుక్కుంటారా?"

ఆ పిలుపుకు పలకలేదు గాని, సంగతి మాత్రం ఆమె చెవిన వేశాను. నోట్లో మరమేకు పెట్టుకుని బాబిను సరిచేస్తోంది. అది తీసి, "ఇంజనీరమ్మ ఏం చెప్పిందో తెలిశాక చెబుతానను" అంది.

"సీరియలు ఆగిపోయింది కదే!"

"అయితే ఆగమను."

కుదరదనడానికి ఇదో పద్ధతి అనుకున్నాను. ఆయన మాత్రం గడువు పెట్టినట్టుగా తీసుకున్నాడు. పోయి కొట్టు తెరుచుకుని తాళంచెవులు అరగదీసుకుంటూ ఎదురుచూశాడు.

అలా చాలాకాలం గడిచాక, ఆ మబ్బు తర్వాతి కథ పుస్తకంగా వస్తోందని తెలిసింది. ఎవరో రచయిత చేత రాయించారట. తాళాలాయన ఆ పూట కొట్టు కట్టేసి వెళ్లి కొనుక్కొచ్చాడు. గోధుమరంగు కాగితంలో చుట్టి, బల్ల మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు. అట్ట మీద ఓడ, కెప్టెను, పక్కన ఇంజనీరమ్మ. ఇద్దరూ ఎటో చూస్తున్నారు.

మా చెల్లెలు అట్టను కిటికీ వెలుగులో పెట్టి చూసింది. "మొహం కడిగేశారు" అంది.

"అట్ట కోసం కడుక్కునుంటుందండీ" అన్నాడాయన.

రోజూ కొట్టు కట్టేశాక వచ్చి కొంచెం కొంచెం చదివేలా ఒప్పందం కుదిరింది. ముందే చివరి పేజీ చూడకూడదని మా చెల్లెలు షరతు పెట్టింది. మొదటిరోజు కథ ఉప్పుతో నిండిన ఓ చంద్రుడి మీద మొదలైంది. అక్కడో ఉప్పు వర్తకుడు. ఉప్పు మూటల మీద సుంకం ఎక్కువ వేశారని ఆయన గోల. రెండోరోజు ఆ వర్తకుడి వకీలు వచ్చాడు. మూడోరోజు ఆ వకీలు చిన్ననాటి సంగతులు వచ్చాయి.

"ఓడ ఎప్పుడొస్తుంది?" అన్నాను.

"వస్తుంది వదినగారూ, ఇంకా సగమైనా కాలేదు."

ఓడ రాలేదు. సగం దాటాక కెప్టెను వచ్చాడు. సుంకం కేసులో సాక్షిగా వచ్చి, సంతకం పెట్టి, ఉప్పు మంచిదేనని చెప్పి వెళ్లిపోయాడు. మబ్బులోంచి ఎలా బయటపడ్డాడో వకీలైనా అడగలేదు. మరమనిషి అమ్ముడుపోయాడని ఒకచోట ఉంది. ఏడ్చినట్టు కూడా రాయలేదు. నాకు సీరియళ్లంటే అంత పిచ్చి లేదుగాని, పాపం ఆ మరమనిషి కోసం నేనే కాస్త కళ్లొత్తుకున్నాను. మా చెల్లెలు ఆకురాయి ఆపకుండానే వింటోంది. ఆమె పెదవులు రోజురోజుకూ బిగుసుకుంటున్నాయి. నాకు భయమేసింది. జవాబు ఉన్నా లేకపోయినా, అది ఆ పుస్తకంలోంచే రావాలని ఇద్దరూ పట్టుబట్టి కూర్చున్నారు.

ఒకరోజు ఆయన వచ్చినప్పుడు మొహం అదోలా ఉంది. తాళంలో చెవి విరిగి ఇరుక్కున్నప్పుడు కొట్టుకొచ్చేవాళ్ల మొహాలు అలాగే ఉంటాయి. కూర్చుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఉప్పు మాయమైంది.

"కెప్టెను ఇంజను గదిలోకి వచ్చెను. 'నిన్నొక మాట అడగాలంటిని కదా' అనెను. ఇంజనీరమ్మ సిగ్గుపడి, చేతిలోని పానాను వేడి ఇంజను మీద పెట్టి, 'మీ ఇష్టమే నా ఇష్టం' అనెను."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఆకురాయి చప్పుడు ఆగింది.

"ఆ పేజీ ఒకసారి ఇటివ్వండి" అంది చెల్లెలు.

ఆయన ఇవ్వలేదు. ఆమే లేచి, నూనె చేతులతోనే పుస్తకం లాక్కుని, వేలు పెట్టుకుని పైకి చదివింది. "'తడిసిన ఉప్పుపై సుంకము తగ్గింపవలెనని వకీలు వాదించెను.' పానా ఏది మేస్త్రిగారూ ఇందులో?"

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"వేడి ఇంజను మీద పానా ఎవరైనా పెడతారా? మళ్లీ పట్టుకుంటే చెయ్యి కాలదూ? 'మీ ఇష్టమే నా ఇష్టం' అంటుందా ఆవిడ? ఇన్నేళ్లూ సీరియలు కళ్లు మూసుకుని చూశారా?"

"చివరిదాకా చదివేశానండీ. షరతు తప్పాను. లోపల ఏం లేదు. చివర్లో ఒక్క ముక్క ఉంది, అది చదవకపోతేనే మంచిది. అందుకని..."

"అందుకని మీరే నా జవాబు చెప్పేశారు. తాళం తెరుచుకోకపోయినా తెరుచుకుందనే చెబుతారా కొట్లో? రేపటినుంచి రాకండి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. గొడుగు మా గుమ్మంలోనే మర్చిపోయాడు.

ఆ రోజునుంచి మా చెల్లెలు ఆ పుస్తకాన్ని తనే చదవసాగింది. పనయ్యాక కిటికీ దగ్గర కూర్చుని, వరస కింద వేలు పెట్టి, ఒక్క ముక్కయినా వదలకుండా చదివేది. "చివరి పేజీ చూసి పారేయవే, ఏమిటా శిక్ష?" అన్నాను. "మొత్తం విప్పకుండా ఎక్కడ చెడిందో ఎలా తెలుస్తుంది?" అంది. ఉప్పు వర్తకుడు కేసు గెలిచాడు. మళ్లీ ఓడిపోయాడు. మా ఇంట్లో టీవీ పెట్టడం మానేశాం.

అక్కరలేకపోయినా ఇంకో తాళంచెవి చేయించుకునే వంకతో నేను కొట్టుకెళ్లాను. మనిషి చిక్కిపోయాడు. పాత తాళంచెవి తీసుకుని తల దించుకునే పనిచేశాడు.

"గొడుగు మా ఇంట్లోనే ఉంది. వాన పడితే తడుస్తారా?" అన్నాను.

"ఫర్వాలేదు అక్కయ్యగారూ."

అక్కయ్యగారూ అన్నాడు. ఇన్నాళ్లూ నేను పలకని ఆ పిలుపు కాస్తా పోయింది. ఇంటికొచ్చి ఎవరిమీదో తెలియకుండానే గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను.

రెండు మూడు రోజులకు పుస్తకం అయిపోయింది. "అక్కా, ఇలా రా" అని పిలిచి, చివరి పేజీలో చివరి ముక్క పైకి చదివింది. "'ఇంజనీరు సంగతి అందురా, ఆమె ఏదో ధాన్యపు గ్రహము మీద ఎవరినో వివాహమాడి, పని మానివేసి, సుఖముగా ఉన్నదని వినికిడి.'"

మళ్లీ ఒకసారి చదివింది. నేను నోరెత్తలేదు. ఇది రోజూ జరిగేది కాదు.

"ఎవరినో అట. పని మానేసిందట. వినికిడట. ఆ కెప్టెను ఒక్కమాటైనా అడిగాడా ఆవిణ్ణి? అట్ట మీద బొమ్మ వేసుకోవడానికి పనికొచ్చింది గాని, లోపల నోరు విప్పడానికి పనికిరాలేదు!" అంది. మొహం ఎర్రబడింది. సంబంధాలు చూడ్డానికొచ్చినవాళ్ల ముందు కూడా ఆమెకు అంత కోపం రావడం నేను చూడలేదు. బల్ల ముందు కూర్చుని, మిషను పెద్దగా చప్పుడు చేస్తూ ఏదో కుట్టింది. తర్వాత చేతులు తుడుచుకోకుండానే చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. నేను గొడుగు పట్టుకుని వెనకే వెళ్లాను. గొడుగు ఎలాగూ ఇచ్చేయాలి కదా.

కొట్లో ఎవరో ఓ పెద్దమనిషి తాళంచెవి కోసం కూర్చుని ఉన్నాడు. ఆయన్ను మా చెల్లెలు పట్టించుకోలేదు.

"మేస్త్రిగారూ, మీరు నన్నెప్పుడైనా అడిగారా?"

"అక్కయ్యగారితో అడిగించాను కదండీ."

"అక్కని చేసుకుంటారా?"

"ఆ మాట నాకెవరూ చెప్పలేదే" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

"మీరు మా అక్క వెనకాల దాక్కున్నారు. నేను సీరియలు వెనకాల దాక్కున్నాను. ఈలోగా ఆ రాసినవాడెవడో ఆవిడ చేత పని మాన్పించి కూర్చున్నాడు. ఇకమీద మధ్యలో ఎవరూ వద్దు. అడిగేదేదో నన్నే అడగండి."

తాళాలాయన ఆకురాయి కింద పెట్టలేదు. పెట్టాలని తోచలేదనుకుంటాను. "నన్ను పెళ్లి చేసుకుంటారా?" అన్నాడు.

"నా బల్ల?"

ఆయన పక్కగోడ వైపు చూపించాడు. గోడ మీద సుద్దతో గీతలు, కింద బల్ల కొలత, పైన నలుచదరంగా ఇంకో గీత. "వెలుగు కోసం అక్కడ కిటికీ పెట్టిద్దామని తాపీ మేస్త్రిని రమ్మన్నానండీ. మీరు రావద్దన్నాక ఆయన్నీ రావద్దన్నాను."

"నా చేతులకు ఎప్పుడూ నూనే."

"నా చేతులకు ఇనుప రజను" అని రెండు అరచేతులూ చాపాడు.

ఆ చేతుల్లో మా చెల్లెలు ఓ గుడ్డపీలిక పెట్టింది. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. చివరిదాకా కుట్టు. తిప్పి చూశాడు. పైన ఎలా ఉందో కిందా అలాగే ఉంది.

"నా తాళంచెవి?" అన్నాడు పెద్దమనిషి.

ఆయన్నెవరూ పట్టించుకోలేదు. తాళాలాయన పీలిక పట్టుకుని నా వైపు తిరిగాడు. "వదినగారూ" అన్నాడు.

"ఆఁ, చెప్పండి" అని ఈసారి పలికాను.