గాలి తెలిసిన చాచా

శుక్రవారం పొద్దున మసీదు మైకులో ఒక పేరు చదివారు. ఫలానా వారు కాలం చేశారని, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని చెప్పారు. మా వీధిలో అందరికీ ఆ మాత్రం ఉర్దూ అర్థమవుతుంది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న నేను చెయ్యి ఆపి, ఎవరో పాపం అనుకుని, ఒక దండం పెట్టుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాను. అరగంట తర్వాత పక్కింటామె గడపలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, మన సైకిల్ చాచా పోయిండంట."

అప్పుడు గాని తెలియలేదు, మైకులో చదివింది ఆయన పేరేనని. ఇరవై ఏళ్ళ పరిచయంలో చాచా పేరేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. గద్వాలలో మా వీధి వాళ్ళందరికీ ఆయన చాచానే.

నేను తిప్పుతున్న రాట్నం చక్రం కూడా ఆయన కట్టిందే. నేత ఇళ్ళలో వాళ్ళకు చెప్పనక్కర లేదు, రాట్నానికి పాత సైకిల్ రిమ్మే చక్రం. అది వంకర తిరిగితే కండె సరిగ్గా చుట్టుకోదు, మగ్గం మీద పోగు తెగుతుంది, మా ఆయన నా మీద విసుక్కుంటాడు. ఆ చక్రం చేత పట్టుకుని మొదటిసారి చాచా సైకిలు రిపేరు దుకాణానికి వెళ్ళాను. చక్రాన్ని తిప్పి వదిలి, రిమ్ముకు తాకీ తాకనట్టు ఒక సుద్దముక్క పట్టుకున్నారు. రిమ్ము ఎక్కడ పక్కకు వస్తే అక్కడ సుద్ద అంటుకుంటుంది. ఆ వంకరను ఆయన 'అవుట్' అనేవారు.

"బాగా పాతదైంది చాచా, పారేయమంటరా?" అన్నాను.

"అవుట్ లేని చక్రం ఉండది బేటీ, అవుట్ లేని మనిషీ ఉండడు. ఏడుందో సుద్దముక్క చెప్తది. స్పోకు పుల్లలు జర జర గుంజుకుంట రావాలె. ఒక్కపారి గుంజితె పుల్ల తెగుతది."

పని అయ్యాక భుజం మీది గుడ్డతో సుద్ద గీతలన్నీ శుభ్రంగా తుడిచి చేతికిచ్చారు. ఎవరి చక్రమైనా అంతే. తుడవకుండా ఇచ్చేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఒకరి అవుట్ ఇంకొకరు సూడొద్దు," అన్నారు. టైరులో గాలి కొట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. "గాలి నేన్ జేసిందా?" అనేవారు.

ఆ గాలి దగ్గరే మా బిడ్డకూ ఆయనకూ మధ్య వచ్చింది తంటా. నేను ఇది రాయడం దాని గురించే.

మా బిడ్డ బావిలో ఈత నేర్చిన పిల్ల. కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు దానికి ఒక పోటీ గురించి చెప్పారు. ముందు ఈత, ఆ తడి ఒంటితోనే సైకిలు, సైకిలు దిగి పరుగు. మూడూ ఆగకుండా చెయ్యాలి. నాలుగేళ్ళ కింద ఆషాఢంలో ఆ పోటీ మా వైపే పెట్టారు. ఈత చెరువులో, సైకిలు కృష్ణ మీది ప్రాజెక్టు కట్ట దాటి అవతలి ఒడ్డుకు పోయి తిరిగి రావడం, పరుగు ఊర్లో. మొదటి ముగ్గురికే రాష్ట్ర జట్టులో చోటు. మా బిడ్డకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ ఏడు దాటితే ఆ వయసు జట్టులోకి మళ్ళీ దారి లేదు.

దానికి మోచేతులు ఆనించి వంగి తొక్కే హ్యాండిలున్న పాత రేసు సైకిలు ఒకటి ఉండేది. చక్రాలు మాత్రం మామూలువి. రేసులో మనిషిని ఆపేది రోడ్డు కాదు, గాలి అనీ, రిమ్ము అంచు లోతుగా ఉన్న చక్రాలైతే గాలిని కోసుకుంటూ పోతాయనీ సారు చెప్పారు. అలాంటివి కొత్తవి మేము కొనగలిగేవి కావు. హైదరాబాదులో ఒక పాత రేసు మనిషి తాను వాడిన రెండు జతలు చూడమని నాలుగు రోజులకు పంపాడు. మా చేతిలో ఉన్నది ఒక్క జతకే సరిపోతుంది. ఆ జతే రేసుకు పనికి రావాలి, రోజూ తొక్కడానికీ పనికి రావాలి.

చాచా రెండు జతలనూ దుకాణంలో కొయ్యలకు వేలాడదీశారు. ముందుగా చూసింది టైర్లు. "గమ్ముతోని అతికించేటియి కావు, లోపట ట్యూబుంది. మంచిగైంది. మన తొవ్వల తుమ్మ ముల్లు దిగితె పాప తానే మార్చుకోవచ్చు," అన్నారు. బ్రేకు పట్టే చోట గోటితో గీకి చూశారు. ఆ తర్వాత అంచు మీద వేళ్ళు ఆనించి కొలిచారు. ఒక జత నాలుగు వేళ్ళ లోతు, ఇంకో జత రెండు వేళ్ళ లోతు.

మా బిడ్డ కళ్ళు నాలుగు వేళ్ళ జతను వదల్లేదు. నల్లగా నిగనిగలాడుతూ, తిప్పితే తుమ్మెద లాగా మోత చేసేది.

"ఇదే చాచా. ఇది ఎక్కిస్తె ఎట్ల ఉరుకుతదో సూడు."

"ఉరుకుతది. ఉరకదని నేనంటినా?"

"మరేంది?"

"ఎటు ఉరుకుతదో సూడాలె గద పాపా."

సారు ఫోనులో లోతుదే తీసుకోమన్నారు. కట్ట మీది గాలికి రెండు వేళ్ళదే చాలన్నారు చాచా. బిడ్డ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మా ఆయన, "నాకు మగ్గం తెల్సు గని గివి తెల్వదు. నువ్వే సూడు," అని మగ్గం గుంటలోకి దిగిపోయాడు. రేసుకు ఎనిమిది రోజులుంది. చక్రాలు తిప్పి పంపడానికి రెండు రోజులే ఉంది. ఒకటి తీసుకుంటే బిడ్డ ఓడిపోతుందేమో, ఇంకొకటి తీసుకుంటే పడిపోతుందేమో. కండెలు చుడుతున్నా అదే, పూజలో కూర్చున్నా అదే.

దిక్కు తోచనప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను. రెండు చీటీలు రాసి, మడిచి, జమ్ములమ్మ తల్లి పటం ముందు వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. నాలుగు వేళ్ళది వచ్చింది. గుండెల మీది బండ దిగినట్టయింది. వెంటనే చాచా దగ్గరికి పోయి, "తల్లి చెప్పింది చాచా, లోతుదే," అన్నాను.

చాచా చేతిలోని పానా కింద పెట్టారు. ఆయన నవ్వుతారేమోనని నా భయం. నవ్వలేదు.

"తల్లిని ఏమని అడిగినవు బేటీ?"

"ఏది తొందరగ పోతదని అడిగిన."

"అయితె తల్లి నిజమే చెప్పింది. అదే తొందరగ పోతది." తర్వాత మెల్లగా అన్నారు. "పాపను ఇంటికి తోల్కొచ్చేది ఏదని అడిగినవా?"

నేను కొయ్యలకు వేలాడుతున్న చక్రాల వైపు చూశాను.

"నేను చెప్తె నమ్మకు. రేపు కట్ట మీదికి పోదాం. గాలినే అడుగుదాం."

మరునాడు ఆటోలో నేనూ బిడ్డా చాచా ప్రాజెక్టు కట్టకు పోయాం, చక్రాలు ఒళ్ళో పెట్టుకుని. ఆషాఢం గాలి పడమటి నుంచి నీళ్ళ మీదుగా వచ్చి కట్టను అడ్డంగా కొడుతోంది. మాట పక్కవాళ్ళకు వినబడటం లేదు. చాచా నాలుగు వేళ్ళ చక్రాన్ని ఇరుసు దగ్గర పట్టుకోమని నా రెండు చేతులకు ఇచ్చారు.

"ఇడువకు."

పట్టుకున్నాను. తడి చీర ఆరేసేటప్పుడు గాలి వస్తే కొంగు ఎలా గుంజుకుంటుందో మనకు తెలుసు. అలా గుంజింది. నా మణికట్లు రెండూ పక్కకు తిరిగిపోయాయి. చక్రం వచ్చి నా ఒంటికి తగిలింది. బరువు లేని వస్తువు, ఆ బలం ఎక్కడిదో తెలియలేదు. తర్వాత రెండు వేళ్ళ చక్రం ఇచ్చారు. గుంజింది, కాని నిలబడగలిగాను.

"పాప నీ కంటె పల్చగుంటది," అన్నారు చాచా, నా చెవి దగ్గరికి వచ్చి. "వెనకాల చక్రం మీద మనిషి బరువుంటది. గాలి నూకినా తిరగది. ముందటిది హ్యాండిలుకున్నది. దాన్ని నూకితె పాప చేతులే తిరుగుతయి."

అక్కడే ఆయనకు ఆలోచన వచ్చింది. ముందు రెండు వేళ్ళది, వెనక నాలుగు వేళ్ళది. తిరిగి రాగానే దుకాణం నుంచే హైదరాబాదుకు ఫోను చేశారు. జతలు విడదీయనని అతను పట్టుబట్టాడు. "సాబ్, మీ తాన మిగిలేది గూడ ఒక జతనే గదా," అని చాచా అంటుంటే నాకు అంత పరేషాన్లోనూ నవ్వొచ్చింది. చివరికి ఒప్పుకున్నాడు.

మా బిడ్డ నవ్వలేదు. "రెండు తీర్ల చక్రాలు. అందరు నవ్వుతరు."

"నవ్వనీ. కాడి కట్టిన ఎడ్లు ఒక్క తీరుగుంటయా?"

రేసు నాడు పొద్దున నుంచే గాలి. ఈత అయ్యి, తడి జుట్టుతో సైకిలెక్కి నా ముందు నుంచే పోయింది. నేనూ చాచా కట్ట ఇవతలి కొసన నిలబడ్డాం. అవతలికి పోయిన వాళ్ళు తిరిగి వచ్చేది మా ముందుకే. చాచా పెదవులు కదులుతున్నాయి. నేను తల్లి పేరు తలుచుకుంటున్నాను. ఒకమ్మాయి వచ్చింది, మా బిడ్డ కాదు. ఇంకొకమ్మాయి వచ్చింది. కట్ట మధ్యలో జనం గుమిగూడటం కనబడింది. ఎవరో పడిపోయారని ఇటువైపు కేక వచ్చింది. ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. జీపు ఒకటి అటు ఉరికింది. చాచా నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. జీపు తిరిగి వస్తుంటే దాని వెనక భాగంలో వేసిన సైకిలు కనబడింది. ముందు చక్రం నల్లగా, లోతుగా ఉంది. అప్పుడు ఊపిరి వదిలాను. వదిలినందుకు ఆ అమ్మాయి తల్లిని తలుచుకుని సిగ్గుపడ్డాను. ఆ పిల్లకు భుజం బొక్క విరిగిందని తర్వాత తెలిసింది.

మూడో అమ్మాయి వచ్చింది. ఆ వెనక మా బిడ్డ వచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగులో ఎంత ఉరికినా ముందమ్మాయిని అందుకోలేకపోయింది. నాలుగోదిగా వచ్చింది.

ఆ సాయంత్రం అది దుకాణం ముందు నిలబడి అన్న మాట నలుగురూ విన్నారు. "నా కిస్మత్ ఖరాబు చేసినవు చాచా. ముందట గూడ లోతుదుంటె గెలుస్తుంటి."

చాచా తల దించుకుని, "గెలుస్తుంటివేమో పాపా," అన్నారు. పడిపోయిన పిల్ల సంగతి ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది, కాని బిడ్డ కన్నీళ్ళు చూసి నేనూ నోరు మెదపలేదు. ఆ మౌనానికి ఇప్పుడు బాధపడుతున్నాను.

మరునాడు సైకిలు నేనే నడిపించుకుంటూ తీసుకుపోయాను. చాచా ముందు చక్రం విప్పి చాలాసేపు చూశారు. "టైరు అరిగింది బేటీ, వేరేదేస్త," అన్నారు. ఆయనే చూసి ఎక్కించిన టైరు పదిరోజులకే ఎలా అరుగుతుందని నాకు తోచలేదు. బిడ్డ మాత్రం మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కలేదు. ఇప్పుడది వనపర్తిలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. రోజూ అదే సైకిలు, అవే చక్రాలు. నేను కనబడినప్పుడల్లా చాచా అడిగేది ఒక్కటే. "పాప చక్రాలు ఎట్లున్నయి? అవుట్ రాలే గద?"

చాచా పోయిన మూడో రోజు ఆదివారం. బిడ్డ వనపర్తి నుంచి బస్సెక్కలేదు. అంత దూరం సైకిలు మీదే వచ్చింది, కట్ట దాటి. కాళ్ళు కూడా కడుక్కోకుండా చాచా ఇంటికి పోదామంది. దుకాణం వెనకే ఇల్లు. చాచా భార్య, మా చాచీ పక్కన కూర్చుని, తల వంచుకునే చెప్పింది.

"ఆ దినం కట్ట మీద గాలి నన్ను గూడ కొట్టింది చాచీ. హ్యాండిలు తిరిగిపోయింది. పక్క గోడకు రాసుకుంట పోయి ఎట్లనో నిలబడ్డ. నా ముందట పోయేటామె పడింది. నా ముందటి చక్రం గూడ లోతుదయితె నేను గూడ పడుతుంటి. నాకు అప్పుడే తెల్సు. చాచాకు చెప్పలే."

నాలుగేళ్ళలో నాకు కూడా చెప్పలేదు.

చాచీ దుకాణంలోకి పోయే తలుపు చూపించింది. "లోపట గోడకు ఒక టైరుంటది, తెచ్చుకో పాపా. ఎవ్వరిని ముట్టనియ్యకపోతుండె. పొద్దుగాల దుకాణం తెరవంగనె దాన్ని జూసి అల్లాకు శుక్రియా అంటుండె."

మేమిద్దరం లోపలికి పోయాం. సన్నని రేసు టైరు, మేకుకు వేలాడుతోంది. పక్క భాగంలో జానెడు మేర గోడకు గీరుకుపోయి లోపలి దారాలు తేలాయి. ఆ గీరుడు చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి ఉంది. చెరిగినప్పుడల్లా మళ్ళీ గీసేవారని వెనక నుంచి చాచీ చెప్పింది. ఎవరి చక్రం మీదా ఒక్క సుద్ద గీత ఉంచని మనిషి, తనకు తెలుసని ఒక్కనాడూ అనని మనిషి, దాన్నొక్కదాన్నే తుడవలేదు.

బిడ్డ దాని మీద బొటనవేలు పెట్టి, సున్నా వెంబడి మెల్లగా చుట్టూ తిప్పింది. తిరిగి వనపర్తికి బయలుదేరేటప్పుడు గాలి మొదలైంది. హ్యాండిలు మీద దాని చేతులు చూశాను. బొటనవేలికి సుద్ద అలాగే ఉంది.