మునసబు ఒంటికి నేను పూసిన మందు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. తెలియనిది ఎదురైనా దానికో పేరు పెట్టి, ఓ సీసా అందించి పంపేవాణ్ణి. కోనసీమ కొబ్బరికి నల్లి, అంటే కాయ మీద మచ్చలు తెచ్చే కంటికానని పురుగు, కొత్తగా పట్టిన కాలమది. డిగ్రీలో ఒక సబ్జెక్టు మిగుల్చుకుని అమలాపురంలో పురుగుమందుల కొట్టులో పనికి కుదిరాను. రైతులు మచ్చలు పడిన కాయను సంచిలో తెచ్చి బల్లమీద పెట్టేవారు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, మచ్చ మీద గోటితో గీకి, కాసేపు బయటికి చూసి, "నల్లి అండీ" అనేవాణ్ణి. "ఆయ్, తవరు చెప్పేక ఇంకేవుందండి డాక్టరు గారూ!" అనేవారు వాళ్లు. (కాయ చూడకుండానే ఆ మాట అనొచ్చు. ఆ ఏడు ఎవరి తోటలో చూసినా అదే.) ఆ పిలుపు నా నెత్తికెక్కింది.

ఉప్పలగుప్తం దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండి కొట్టుకు వెళ్లివచ్చేవాణ్ణి. ఆవిడకో కుక్క ఉండేది. గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్లినా నిలబెట్టి విచారణ చేసేది గనక మావయ్య దానికి మునసబు అని పేరు పెట్టారు. ఒక వేసవిలో దాని తోక మొదలు దగ్గర జుట్టు ఊడడం మొదలై నడుం దాకా పాకింది. రోజంతా కొరుక్కోవడమే. చర్మం ఎర్రబడి పొక్కులు కట్టింది. రొయ్యల చెరువు నీళ్లలో పొర్లి వచ్చిందని పక్కింటివారు, కోడి ఎముకల వేడని ఎదురింటివారు, తలా ఒక కారణం చెప్పారు. మావయ్యకు కారణంతో పనిలేదు. "పురిటికి అమ్మాయొస్తోంది. పసిగుడ్డున్న ఇంట్లో గజ్జికుక్కేవిటి? ఈలోగా తగ్గకపోతే కాయల లారీ ఎక్కించి రాజమండ్రి అవతల దింపెయ్యమంటాను" అన్నారు. అత్తయ్య ఆ పూట అన్నం కలిపి, తినకుండానే లేచింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, "ఊరందరికీ చూస్తావు గదరా, దీన్నొక్కసారి చూడకూడదూ?" అంది.

చూశాను. పొక్కు మీద గోటితో గీకి, దొడ్డివైపు కాసేపు చూసి, "నల్లి అత్తయ్యా" అన్నాను.

"చెట్లకొచ్చేదే?"

"అదే."

చెట్టుకైతే వేరు కోసి దానికి మందు సంచి కడతాం, చెట్టు పీల్చుకుంటుంది. కుక్కకు వేరు లేదు గనక పైపూత అని నిర్ణయించాను. కొట్టు నుంచి తెచ్చిన మందును చెట్టుకు వాడే పాళ్లలో సగానికి తగ్గించాను. (నేను తీసుకున్న జాగ్రత్త అంతే.) ఇదేం మందని అత్తయ్య అడిగితే వేపనూనె అన్నాను. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు, ఆవిడకు అర్థమయ్యేలా చెబుతున్నానని అనుకున్నాను. ఆవిడ దాని తల ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చుంటే, నేను తీరుబడిగా పూశాను.

కాసేపటికే మునసబు నోటివెంట చొంగ కారింది. కాళ్లు వణికాయి. ఆటోలో వేసుకుని అమలాపురం పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ గేదెలతో వచ్చిన రైతుల్లో నా ఖాతాదారులున్నారు. "డాక్టరు గారు కూడా వచ్చేరే!" అంటూ దారి ఇచ్చారు. అసలు డాక్టరు గారు మునసబు కనురెప్ప ఎత్తి చూసి, "ఏం పూసేరమ్మా?" అని అడిగారు.

"వేపనూనె అండీ. మావాడే పూసేడు" అంది అత్తయ్య నమ్మకంగా.

"వేపనూనెకి ఇలా అవదమ్మా. అసలు పేరు చెబితే దానికి తగ్గ ఇంజెక్షను ఇస్తాను. తొందరగా చెప్పండి."

వెనక రైతులు, పక్కన అత్తయ్య. మునసబు కాళ్లు రేకు బల్లకు టకటక కొట్టుకుంటున్నాయి. చివరికి పేరు చెప్పాను. డాక్టరు గారికి వినపడక "ఏవిటీ?" అన్నారు. రెండోసారి చెబితే ఆసుపత్రంతా విన్నది. "కొబ్బరికి మాకిచ్చేదేనాండీ?" అని వెనక నుంచి ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. అత్తయ్య మాత్రం నా వైపు చూడలేదు.

ఇంజెక్షను పడింది. దాని ఒళ్లు సబ్బుతో పదేపదే నేనే కడిగాను. వణుకు తగ్గాక డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. "జుట్టు ఊడిందంటే ఒక్కటే రోగం కాదు బాబూ. గజ్జి పురుగు కావచ్చు, తామర కావచ్చు, తిండి పడకపోవచ్చు, ఒంట్లో గ్రంథుల తేడా కావచ్చు. ఎక్కడ మొదలైంది, దురద ఉందా, ఎక్కడ పడుకుంటుంది, ఇవన్నీ అడగాలి." కడగకముందే తోక మొదలు దగ్గర దువ్వి తీసి ఉంచిన నల్లటి నలకలు తడిదూదిపైన రాల్చారు. తడికి వాటి చుట్టూ దూది ఎర్రబడింది. ఆ నలకలు, గెంతే చిన్న పురుగులు కుక్క నెత్తురు తాగి విడిచిన మలమట. మునసబు పడుకునేది దొడ్లో, కాయలు ఒలవగా మిగిలిన కొబ్బరి డొక్కల గుట్టలో. పురుగులు అక్కడే పెరిగాయి, వాటి కాటు దాని ఒంటికి పడలేదు. గజ్జి కాదు, ఇల్లూ గుట్టా శుభ్రం చేసి, రాసిచ్చిన మందు వాడితే జుట్టు వస్తుందన్నారు.

ఆ డొక్కలన్నీ నేనే మోసి ఎండలో పరిచాను. అమ్మాయి పురిటికి వచ్చేసరికి మునసబు నడుం మీద నూగు మొలిచింది. మావయ్య మళ్లీ లారీ మాట ఎత్తలేదు. బారసాలకు వచ్చిన చుట్టాలందరినీ మునసబు గుమ్మంలోనే నిలదీసింది. నన్నొక్కణ్ణే ఏమీ అడగలేదు. నా అడుగు వినబడితే లేచి వెళ్లి అత్తయ్య చీర చాటున కూర్చునేది.

"ఇంకా కోపమేనా దీనికి?" అన్నాను ఒకరోజు.

"నేను మర్చిపోయేన్రా అబ్బాయ్. దాన్నీ మర్చిపొమ్మని నేనెలా చెప్పను?" అంది అత్తయ్య.

ఆ తర్వాత రోజూ మెట్టు మీద బిస్కెట్టు పెట్టి లోపలికి వెళ్లేవాణ్ణి. నేను కనుమరుగయ్యాక వచ్చి తినేది. మా మధ్య కుదిరిన రాజీ అంతవరకే. అప్పటి నేను, ఆ కుర్ర డాక్టరు గారు, ఇప్పుడు నా ముందుకొస్తే నవ్వుతూనే కుర్చీ వేస్తాను. కాకపోతే, చేతిలో సీసా ఉంటే ముందు దాన్ని కింద పెట్టమంటాను.